ఆక్రన్ హోటల్ నుంచి అల్ ముంతజా దాకా

మా సైట్లో ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. ఆయన బ్లాక్ వర్క్ చేస్తే మట్టం పెట్టి చూడక్కర్లేదు. అలాంటి మనిషి చేతులు పొద్దున్నే తాపీ పట్టుకోలేక వణకడం చూశాను. ఊళ్ళో తాగుతున్నాడని ఇంటోళ్ళే అప్పు చేసి ఇక్కడికి పంపారట, గల్ఫ్‌లో మందు దొరకదు, అదే మానేస్తాడని. మనవాళ్ళలో చాలామందికి ఈ నమ్మకం ఉంది. దొరుకుతుంది అన్నలారా. పర్మిట్ లేనివాడికి దొంగచాటుగా, లోపల ఏం కలిపారో తెలియని సీసాలో దొరుకుతుంది. తాగి రోడ్డు మీద దొరికితే ఖతార్ చట్టం ప్రకారం జైలు, జరిమానా ఉన్నాయి.

దుకాణం మూస్తే తాగుడు ఆగుతుందా అన్నది నాకు చిన్నప్పటి ప్రశ్న. మాది నెల్లూరు జిల్లా. 1990 తర్వాత మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. పాకలు మూయించారు, వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1994 డిసెంబర్లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యాక, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. చీపురు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. ఆ రెండేళ్ళు మా నాన్న కూలి డబ్బు ఇంటికొచ్చింది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ వారంలోనే నాన్న మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ ఆడవాళ్ళు చేసింది చిన్న పని కాదు, నేను బడికెళ్ళింది ఆ డబ్బుతోనే. కానీ ఆ రెండేళ్ళలో నాన్న పక్కన కూర్చుని "నేనూ తాగినోణ్ణే, ఎట్లా ఆపానో చెప్తా" అన్న మనిషి ఒక్కడూ లేడు.

అలాంటి మనిషి కోసం ఒకాయన ఫోన్ల మీద ఫోన్లు చేసిన కథ అమెరికాలో ఉంది. 1935 మే నెల. బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి ఒక బేరం కోసం ఆక్రన్ అనే ఊరు వచ్చాడు. బేరం చెడింది. తాగుడు మానేసి ఐదు నెలలైంది. హోటల్ హాల్లో ఒక పక్క బారు, లోపల్నుంచి నవ్వులు. ఇంకో పక్క టెలిఫోను. మన క్యాంపులో శుక్రవారం సాయంత్రం ఒంటరిగా ఉన్నవాడికి ఆ హాలు ఎట్లా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ ఐదు నెలల్లో ఆయన చాలామంది తాగుబోతుల చేత మాన్పించబోయాడు. ఒక్కడూ మానలేదు. కానీ వాళ్ళతో మాట్లాడినన్నాళ్ళు తాను తాగలేదు. అది గుర్తొచ్చి, చర్చిల పట్టిక చూసి వరుసగా ఫోన్లు చేశాడు, ఇక్కడ నాతో మాట్లాడే తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని!

చివరికి డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. సర్జన్, అయినా తాగుడు వదలనివాడు. పదిహేను నిమిషాలే కూర్చుంటానని వచ్చి రాత్రి పదకొండు దాటేదాకా మాట్లాడాడు. బిల్ ఆయనకు నీతులు చెప్పలేదు, తన కథ చెప్పాడు. బాబ్ మధ్యలో ఒకసారి జారాడు. మళ్ళీ ఆపింది జూన్ 10న. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం, మనం ఏఏ అంటాం, ఆ తేదీనే పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది. అప్పటికి ఉన్నది ఇద్దరే. 1939లో పుస్తకం వేశారు. 1941లో ఒక పత్రిక వీళ్ళ గురించి రాస్తే ఆ ఒక్క ఏడాదిలో రెండు వేల మంది ఎనిమిది వేలయ్యారు. మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు, రిజిస్టర్ లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు.

ఇక మా మేస్త్రీ సంగతి. నేను ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆయన తల ఊపేవాడు. "మీరు తాగలే కద సారూ, మీకేం ఎర్కైతది" అన్నాడొకసారి. కోపం వచ్చింది గానీ ఆ మాట నిజం. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇది అందరూ గుర్తుంచుకోండి, ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. దోహాలో ఈ చికిత్సకే నౌఫర్ అనే కేంద్రం కూడా ఉంది. ఆ తర్వాత మీటింగ్ కోసం వెతికాం. మూడు రోజులు ఫోన్ తీసి, నంబర్ నొక్కి, మోగకముందే పెట్టేశాడు. పోలీసులకు చెప్తారని, కంపెనీకి తెలుస్తుందని భయం. నాలుగో రోజు మాట్లాడాడు. అవతలి మనిషి హిందీలో మొదట చెప్పిన మాట, నేను కూడా తాగేవాణ్ణే అని.

మీటింగ్ ఎక్కడో రాయను, మేస్త్రీ పేరు కూడా రాయను. అక్కడ విన్నది, చూసినవాళ్ళ పేర్లు బయటికి చెప్పకూడదన్నదే వాళ్ళ కట్టుబాటు. తాగనివాళ్ళు రాకూడని మీటింగులు కూడా ఉంటాయి, అది అలాంటిదే. అందుకని నేను అల్ ముంతజా పార్కు బయట కరక్ చాయ్ తాగుతూ కూర్చున్నాను. గంటన్నర తర్వాత నడుచుకుంటూ వచ్చాడు. ఏం జరిగిందని నేను అడగలేదు. నా చాయ్ కప్పు తీసుకుని సగం తాగాడు. చెయ్యి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది.

"వచ్చే శుక్కురారం నాకు ఓటీ పెట్టకు సారూ" అన్నాడు.