మత్తుమందును పసిగట్టే డీఎన్‌ఏ పోగు

పోలీసు తనిఖీలో దొరికిన తెల్లని పొడి కొకైన్ అవునో కాదో తేల్చేందుకు కోబాల్ట్ థయోసయనేట్ ద్రావణం వాడతారు. నీలిరంగు వస్తే కొకైన్‌గా అనుమానిస్తారు. అయితే అలర్జీ మందు డైఫెన్‌హైడ్రమిన్‌కూ ఆ రంగు వస్తుంది. ఈ లోపాన్ని తగ్గించేందుకు రూపొందుతున్నవే ఆప్టమర్ సెన్సర్లు.

ఆప్టమర్ అంటే: నిర్ణీత పదార్థాన్ని అంటిపెట్టుకునేలా ఎంపిక చేసిన చిన్న డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ పోగు. కోట్లాది పోగులను ఆ పదార్థంతో కలిపి, అతుక్కున్న వాటినే వృద్ధిచేసి, పలుమార్లు వడపోస్తారు. అమెరికాలోని రెండు బృందాలు 1990లో విడివిడిగా ఈ పద్ధతిని వెల్లడించాయి.

పనిచేసే తీరు: కొకైన్ తగలగానే పోగు ముడుచుకుంటుంది. దాని చివరనున్న మిథిలిన్ బ్లూ ఎలక్ట్రోడ్‌కు చేరువై విద్యుత్ సంకేతం పెరుగుతుంది. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2006లో ఈ విధానంతో కల్తీ నమూనాల్లోనూ, లాలాజలంలోనూ కొకైన్‌ను గుర్తించారు.

పరిమితి: కొకైన్ ఆప్టమర్ క్వినైన్‌కు మరింత గట్టిగా అతుక్కుంటుందని తర్వాత కెనడా పరిశోధకులు తేల్చారు. మత్తుమందుల్లో కల్తీకి క్వినైన్ వాడటమూ ఉంది.

కనుక ఇటువంటి పరీక్ష అనుమానానికే ఆధారం. నిర్ధారణ ఫోరెన్సిక్ ప్రయోగశాలలోనే జరగాలి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద, వాణిజ్య పరిమాణం కేసుల్లో బెయిలు దొరకడం కష్టం. ఒక్క తప్పుడు ఫలితం నిర్దోషిని జైలుపాలు చేయగలదు.