పుట్టబోవు బిడ్డల నేరుకొనుట

గర్భిణికి మూడవ నెల రాగానే పుంసవనమను కర్మ జరుపవలెనని మన గృహ్యసూత్రములు విధించుచున్నవి. మర్రిచిగుళ్లను నూరి, ఆ రసమును గర్భిణి ముక్కులో పిండి, పుట్టబోవువాడు మగవాడు కావలెనని మంత్రములు చదువుదురు. ఇప్పు డనేక కుటుంబములలో నీ కర్మ సీమంతముతో గలిసిపోయి యొక గడియలో ముగియుచున్నది. మర్రిచిగుళ్ల రసమువలన ఆడుశిశువు మగశిశువుగా మారినట్లు నిదర్శనము లేదు. దానివలన నే యాడుశిశువును కడుపులో చావనును లేదు. కోరిక యుండెను, దానిని నెరవేర్చుకొను శక్తి లేకుండెను. ఆ శక్తి మానవుని చేతికి వచ్చిన తరువాత నేమి జరిగినదో చదువరులకు విన్నవించుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

అంబిక కన్నులు మూసికొనుటచే ధృతరాష్ట్రుడు గ్రుడ్డివాడయ్యెననియు, అంబాలిక వెలవెలబోవుటచే పాండురాజు పాలిపోయిన దేహముతో బుట్టెననియు భారతకథ వినని తెలుగువారుండరు. బిడ్డ లోపమునకు తల్లి నడవడియే కారణమను నమ్మకము మన యిండ్లలో నేటికిని చావలేదు. వరుసగా నాడుపిల్లలను గన్న కోడలు ఎన్ని మాటలు పడుచున్నదో మనకు దెలియనిది కాదు. 1905లో నెట్టీ స్టీవెన్సు అను అమెరికా విదుషి పిండిపురుగుల బీజములను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, సంతతి ఆడుదగుటయు మగదగుటయు తండ్రి బీజమును బట్టియే యుండునని చూపెను. మనుష్యులలోను నంతే. తల్లి యిచ్చునది ఎల్లప్పుడు నొకే తీరు క్రోమోసోము; తండ్రి బీజములలో సగ మొక తీరువి, సగము వేరొక తీరువి. నూరేండ్లు దాటిన యీ సత్యము మన అత్తగార్ల చెవినింకను పడవలసియున్నది.

వంశపారంపర్యమున సంక్రమించు గుణములకు లెక్కగలదని మొదట కనిపెట్టినవాడు గ్రెగోర్ మెండెలను క్రైస్తవసన్న్యాసి. బ్రూను పట్టణమున తన మఠపు తోటలో బఠానీలను పెంచి, 1866లో ఫలితములను ప్రకటించెను. పొడవు మొక్కకును పొట్టి మొక్కకును పుట్టిన మొక్కలన్నియు పొడవుగానే యుండుటయు, వాని సంతతిలో మాత్రము నాలుగింట నొకటి మరల పొట్టిదగుటయు నతడు లెక్కించి చూపెను. దాగియున్న గుణము రెండు వైపులనుండియు వచ్చి కలిసినప్పుడే బయటపడుననుట దీని సారము. 1900 వరకును దీని నెవరును పాటింపలేదు.

ఈలోగా నింగ్లండులో డార్వినునకు బంధువగు ఫ్రాన్సిస్ గాల్టను మనుష్యజాతినే మేలుజాతిగా పెంపవచ్చునని తలచి, 1883లో ఆ విద్యకు యూజెనిక్సు అని పేరు పెట్టెను. మనవారు దానిని సుప్రజననశాస్త్రమనిరి. మేలైన గుఱ్ఱములను, కుక్కలను ఏరి పెంచునట్లే మనుష్యులను పెంచుట యేల తగదని యతని ప్రశ్న. ఒంగోలు గిత్త నెంచు రైతునకు తనకేమి కావలెనో తెలియును. అది దున్నవలెను, బండి లాగవలెను. మనుష్యుడు దేనికి పనికిరావలెనో నిర్ణయించు రైతెవడు? గాల్టనునకు తనవంటి చదువుకొన్న ఇంగ్లీషు కుటుంబములవారే మేలుజాతిగా దోచిరి. మన దేశమునందును కులవ్యవస్థ రక్తశుద్ధిని కాపాడు సుప్రజననోపాయమని వాదించినవా రుండిరి. 1936లో అంబేద్కరు కులనిర్మూలనమును గూర్చి వ్రాసిన గ్రంథములో నీ వాదమును తుత్తునియలు చేసెను.

ఈ శాస్త్రము చట్టముగా మారినది అమెరికాలో. 1907లో ఇండియానా రాష్ట్రము, అయోగ్యులని తోచినవారికి బలవంతముగా సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించు శాసనము నిర్మించెను. ఇతర రాష్ట్రము లనేకము దాని ననుసరించెను. వర్జీనియా 1924లో చేసిన శాసనము న్యాయస్థానమున నిలుచునో లేదో చూచుటకు క్యారీ బక్కను బీదపిల్లను ఎన్నుకొనిరి. ఆమె తల్లి అప్పటికే మందమతుల యాశ్రమములో నుండెను. క్యారీ పరులయింట పెరిగి, ఆ యింటి బంధువుచేత చెరుపబడి పదునేడవ యేట గర్భవతి కాగా, పెంచినవారు తమ మానము కాపాడుకొనుటకై యామెను గూడ ఆ యాశ్రమమునకే పంపిరి. ఏడు నెలల పసిబిడ్డను చూచి, ఈమె చూపులో నేదో సరిగా లేదని యొకతె సాక్ష్యమిచ్చెను. తల్లి, కూతురు, మనుమరాలు మూడుతరములు మందమతులని తీర్మానమైనది. క్యారీ పక్షమున వాదించిన వకీలు ఆ యాశ్రమపు పాలకసంఘములో పూర్వము సభ్యుడే! 1927 మే 2వ తేదీన అమెరికా అత్యున్నత న్యాయస్థానములో నెనమండుగురు న్యాయాధిపతులు శాసనమును సమర్థింపగా, ఒక్కరు మాత్రము భిన్నాభిప్రాయము తెలిపిరి. అక్టోబరులో క్యారీకి శస్త్రచికిత్స జరిగెను. మరుసటి సంవత్సర మామె చెల్లెలు డోరిసునకు ప్రేగునొప్పికని చెప్పి యదే చికిత్స చేసిరి. ఆమె పెండ్లియాడి, బిడ్డలు లేరని యేండ్ల తరబడి దుఃఖించి, ముసలితనమున నిజము తెలిసికొన్నది.

ఆ పసిబిడ్డ వివియను బడికి పోయి 1931లో మంచి విద్యార్థినుల పట్టికలో నెక్కినది. మరుసటి సంవత్సరము ఎనిమిదేండ్ల ప్రాయమున జబ్బుచేసి చనిపోయినది. క్యారీ 1983 వరకు బ్రతికి యుండెను. ఆమె మందమతి కాదని ఆమె నెరిగిన వారందరును చెప్పిరి. అమెరికాలో నిట్లు అరువది వేలకు మించి జనులకు సంతానశక్తి తొలగింపబడినది. 1933లో నాజీలు చేసిన జర్మనుశాసనము అమెరికాలో సిద్ధపరచిన నమూనాకు చాల దగ్గరది; దానిక్రింద నాలుగు లక్షలమంది బలియైరి. 1939 నుండి వికలాంగులను చంపుటయే మొదలుపెట్టిరి. యుద్ధానంతరము న్యూరెంబర్గు విచారణలో ముద్దాయిల పక్షమున క్యారీ బక్కు తీర్పును సాక్ష్యముగా చూపిరి.

ఆ పీడ ప్రభుత్వములచే కలిగినది. మన దేశమునకు వచ్చిన పీడలో ప్రభుత్వమెవరిని బలవంతపెట్టలేదు. 1975లో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో గర్భిణుల ఉమ్మనీటిని తీసి, శిశువునకు పుట్టు లోపము లున్నవేమో చూచు పరీక్ష నారంభించిరి. పరీక్షలో శిశువు ఆడో మగో కూడ తెలియుచుండుటచే, లోపము లేమియు లేకున్నను ఆడుశిశువని తెలియగానే గర్భము తీయించుకొన గోరువారు కానవచ్చిరి. కొలదికాలములోనే ప్రభుత్వాసుపత్రులలో లింగము చెప్పుట నిషేధింపబడెను. అంతట నది ప్రైవేటు క్లినిక్కులకు వ్యాపారమైనది. నేడు వందలు వెచ్చించి రేపు కట్నముక్రింద పోవు వేలు మిగుల్చుకొనుడని గోడలమీదను పత్రికలలోను ప్రకటించిరి. వరకట్నమును రూపుమాపవలెనని మనవారు శతాబ్దికి పైగా వ్రాసినదానికి ఈ ప్రకటన చేసిన వర్తకుడు చెప్పిన సమాధానమిది! తరువాత స్కానింగు యంత్రములు వచ్చి, సూది గ్రుచ్చు పనికూడ లేకపోయెను.

ఆరేండ్ల లోపు బాలురు వేయిమందికి బాలికలు దేశమున 1961లో 976 మంది, 1991లో 945 మంది, 2001లో 927 మంది. 2011లో ఆ సంఖ్య 920కి దిగువకు జారెను. 2001లో పంజాబులో 798 మాత్రమే. మన యుమ్మడి ఆంధ్రప్రదేశములో 2001లో 961 ఉన్నది, పదేండ్లలో 940 ప్రాంతమునకు వచ్చినది. స్త్రీలు చదువుకొన్నచో సర్వమును చక్కబడునని మావంటివారము వ్రాయుచు వచ్చితిమి. కాని యీ పాపము చదువులేని పల్లెలకంటె, ధనమును విద్యయు గల పట్టణములలో ముందుగా ప్రబలెను. పరీక్ష ఎచ్చట జరుగునో తెలిసికొనుటకును, రుసుము చెల్లించుటకును సమర్థులు వారేకదా. మహారాష్ట్రము 1988లోను, కేంద్రప్రభుత్వము 1994లోను లింగనిర్ణయమును నేరముగా చేసిరి. ఇప్పుడు ప్రతి స్కానింగు కేంద్రములోను ఆ సంగతి తెలుపు పలక వ్రేలాడుచున్నది. పలక క్రింద కూర్చుండి, డాక్టరు ముఖవైఖరిని బట్టి ఫలము గ్రహింప జూచు కుటుంబములును గలవు.

గర్భము వెలుపలనే పిండమును కల్పించు విద్య 1978లో సిద్ధించినది. ఆ జూలైలో ఇంగ్లండున మొదటి శిశువును, అక్టోబరులో కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయుని కృషిచే రెండవ శిశువును పుట్టిరి. ప్రభుత్వము నియమించిన సంఘము ఆ మహాశయుని మాట నమ్మక యవమానింపగా 1981లో ఆయన ప్రాణము తీసికొనెను. లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో అలాను హాండీసైడును ఆయన సహచరులును 1990లో మూడు దినముల పిండమునుండి యొక కణమును తీసి పరీక్షించి, ఏరిన పిండములనే తల్లి గర్భమున ప్రవేశపెట్టిరి. వారేరినది ఆడుపిండములను! కొన్ని కుటుంబములలో మగపిల్లలకే సంక్రమించు ఘోరవ్యాధు లుండుటచే, వారు మగపిండములను విడిచి యాడువానిని గ్రహించిరి. ఏరుట యొకటే, ఢిల్లీలో దానికి కారణము కట్నము, లండనులో మరణించు బిడ్డ. యంత్రమున కీ భేదము తెలియదు.

రోగము నేరి తీయుట సరియే కదా, గుణముల నేరుట మాత్రమే తప్పందమా? అనిన, ఈ గీత గీయుట సులభము కాదు. డౌన్ లక్షణముతో బుట్టిన బిడ్డలు చక్కని వైద్యమున్న దేశములలో నేడు అరువదేండ్లవరకు జీవించుచున్నారు; నవ్వుదురు, పనిచేయుదురు, ప్రేమింతురు. అయినను డెన్మార్కులో 2004 నుండి గర్భిణులందరికిని పరీక్ష లభింపగా, లోపము తెలిసినవారిలో మిక్కిలి మంది గర్భమును నిలుపుకొనుట లేదు. వారిని నిందించుటకు మా కలము సాగదు. బిడ్డను మోయవలసినది వారు, మేము కాము. ఆ బిడ్డలు లేని లోకము మేలైన లోకమని యొప్పుకొనుటకును మా మనసొప్పదు.

పొడవు, తెలివి, రూపము కోరినట్లు వచ్చునను ప్రచారమును మాత్రము చదువరులు నమ్మరాదు. 2022లో ఏబదినాలుగు లక్షల జనుల వివరములు చూచి ప్రకటించిన పరిశోధనలో, ఒక్క పొడవునకే పండ్రెండు వేల జన్యుభేదములు కారణములని తేలినది. పది పిండములలో నుత్తమమైన దానిని ఎన్నుకొన్నను రెండున్నర సెంటీమీటర్ల లాభమే యుండునని 2019లో లెక్కవేసిరి. అట్లుండగా అమెరికాలో కొన్ని వ్యాపారసంస్థలు పిండములకు మార్కులు వేసి యమ్ముచున్నవి. 2018లో హో జియాన్‌కుయి అను చీనా శాస్త్రజ్ఞుడు కవలబాలికల జన్యువులను పిండదశయందే మార్చి, మరుసటి సంవత్సరము మూడేండ్ల చెఱసాల శిక్ష పొందెను. మన దేశములో 2021 నాటి శాసనము పిండపరీక్షను తెలిసిన వంశవ్యాధులకే పరిమితము చేసినది.

ఇక మన యిండ్ల సంగతి. మేనరికము తెలుగువారికి ప్రియమైన సంబంధము. తాతనుండి దిగిన దాగిన లోపము బావకును మరదలికిని ఇరువురికి నుండుట కవకాశ మెక్కువ. అట్లున్నచో ప్రతి కాన్పునకును నాలుగింట నొకపాలు వ్యాధి భయము, మెండెలు బఠానీలలోవలెనే. సైప్రసు ద్వీపములో ఏడుగురిలో నొకరు తలసేమియా జన్యువును మోయుచుండ, 1983 నుండి చర్చివారు పెండ్లికి ముందు రక్తపరీక్ష పత్రమును కోరిరి. పెండ్లి మానినవారు తక్కువ, గర్భపరీక్ష చేయించుకొన్నవారెక్కువ, రోగముతో బుట్టువారు దాదాపు లేకపోయిరి. న్యూయార్కులో యోసెఫ్ ఎక్‌స్టైను అను యూదమతాచార్యుడు, టే-సాక్సు వ్యాధిచే నలుగురు బిడ్డలను పోగొట్టుకొని, అదే కాలమున వేరొక పద్ధతి పెట్టెను. యువతీయువకుల రక్తము పరీక్షించి ఒక్కొక్కరికి నొక సంఖ్య నిత్తురు. ఎవరి రక్తములో నేమున్నదో వారికి కూడ చెప్పరు. సంబంధము వచ్చినప్పుడు రెండు సంఖ్యలను పోల్చి, ఇరువురును జన్యువాహకులైనచో మాత్రమే తెలుపుదురు. జాతకపొంతన వంటిదే, కాని గ్రహములతో పనిలేదు.

మా బంధువర్గములో నొక యింట మేనరికము కుదిరినప్పుడు, పెండ్లికూతురే రక్తపరీక్ష చేయించుకొందమని బావతో ననెను. "శుభమా యని పెండ్లిమాటలాడుకొనుచుండ నీ రక్తము మాట లేమిటే? రేపేదైన బయటపడిన నీకు సంబంధము లెవరు తెత్తురు?" అని అమ్మమ్మ కేకలు వేసెను. పిల్ల వినలేదు. పరీక్షలో పిల్లకేమియు లేదు. పిల్లవానికి తలసేమియా జన్యు వున్నదని తేలినది. ఒక్కరియందే యున్నచో బిడ్డలకా వ్యాధి రాదుగనుక పెండ్లి నిశ్చింతగా జరిగినది. కాని విడిదింట నుభయపక్షముల పెద్దలును కూడి, ఈ సంగతి బయట పొక్కనీయరాదని మాచేత గూడ మాట తీసికొనిరి. ఏల యని యడుగగా, వరునికి పెండ్లికెదిగిన చెల్లె లున్నదనిరి.