ఒకే పందిట్లో రెండు వాదాలు

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. దీన్ని మనం భాషాభిమానపు కథగానే చెప్పుకుంటాం, అది నిజమే. కానీ నోరు మూయించడం ఎంత బాధో ఎరిగినవాళ్లు కట్టుకున్న సభ కాబట్టే, తమకు గిట్టని మాటను కూడా అది పద్నాలుగేళ్లపాటు ఒకే పందిట్లో విన్నదని నాకనిపిస్తుంది. నల్లగొండ, పాలమూరు జిల్లాల రాజకీయం అక్షరాలు దిద్దుకున్నది ఆ పందిట్లోనే.

తొలి సభకు అధ్యక్షుడు పాలమూరు జిల్లా బిడ్డ, ‘గోలకొండ పత్రిక’ సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. 1931లో దేవరకొండ సభకు అదే జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన సభకు కొండా వెంకట రంగారెడ్డి. నిజాం సర్కారు అనుమతి లేనిదే సభ పెట్టరాదని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు శాసించేది, అనుమతి దొరికినా రాజకీయాల జోలికి పోరాదు. అందుకని చదువులు, గ్రంథాలయాలు, వితంతు వివాహాలు, వెట్టిచాకిరి వంటివే చర్చకు వచ్చేవి. అయితే వెట్టి గురించి ఎంత మెత్తగా మాట్లాడినా చివరికి ఎవరో ఒక దొర గడీ గడపకే వచ్చి ఆగుతుంది. పందిట్లో వకీళ్లూ ఉన్నారు, భూములున్నవాళ్లూ ఉన్నారు, సనాతనులూ ఉన్నారు. తరువాత కమ్యూనిస్టు నాయకుడైన బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి కూడా భూస్వామి ఇంటి బిడ్డే.

అసలు సంగతి 1940 తరువాత తేలింది. నిజాం ప్రకటించిన రాజ్యాంగ సంస్కరణలను ఒప్పుకోవాలా, తిప్పికొట్టాలా అన్న తగవుతో మితవాదులు, అతివాదులు విడివిడిగా కనిపించసాగారు. ఆ తరువాతి అధ్యక్షుల వరస చూడండి. 1941 చిలుకూరులో రావి నారాయణరెడ్డి, 1942 ధర్మవరంలో మాదిరాజు రామకోటేశ్వరరావు, 1943 హైదరాబాదులో కొండా వెంకట రంగారెడ్డి, 1944 భువనగిరిలో మళ్లీ రావి. ఒక ఏడు ఓడినవాళ్లు అలిగి ఇంటికి పోలేదు, మరుసటి ఏడు మనుషుల్ని కూడగట్టుకుని వచ్చారు. ఈ వాదనల వల్ల ఎవరూ మనసు మార్చుకుని ఎదుటి పక్షంలో చేరిపోలేదు. వాదన విలువను అలాంటి మార్పులతో కొలిచేవారికి ఇక్కడ దొరికేది తక్కువే. దొరికేది వేరు. వెట్టి మీద చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచింది మాడపాటి హనుమంతరావు వంటి మితవాదులు. ఆ మాటను ఊళ్లలోకి మోసుకుపోయి దొర ముఖాన అడిగించింది అతివాదులు. ఒకరి కాగితం మరొకరి చేతిలో ఆయుధమైంది. వేరువేరు పందిళ్లలో కూర్చుని ఉంటే ఇది ఇంత సులువుగా జరిగేది కాదు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. పందిట్లో వాదించుకున్నది చదువుకున్నవాళ్లు. దొర ముందు చెప్పులు విడిచి నిలబడే మనిషికి అక్కడ చోటేదీ? దొరకూ వెట్టివాడికీ మధ్య వాదన అనేది ఒక పెద్దింటి ముచ్చట కాదా? ఈ మాటలో నిజముంది. సమానులు కానివారి మధ్య చర్చ ఎప్పుడూ బలవంతుడి వైపే మొగ్గుతుంది. అందుకే మహాసభ సభ్యత్వ రుసుమును తగ్గించడం నా దృష్టిలో ఎన్నో ఉపన్యాసాల కన్నా పెద్ద పని. అది వాదనను రద్దు చేయలేదు, వాదించే హక్కును పల్లెకు పంచింది. అక్కడి నుంచే మహాసభ రైతుల నోట ‘సంగం’ అయింది.

భువనగిరిలో మితవాదులు విడిపోయారు. చీలితేనే ఉద్యమం ఊపందుకుందని కొందరంటారు. అదీ కొట్టిపారేయదగిన మాట కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొర గూండాల కాల్పులకు సంగం కార్యకర్త దొడ్డి కొమురయ్య నేలకొరిగాక జరిగిన పోరాటం తీర్మానాలతో సాధ్యమయ్యేది కాదు. తుపాకీ పట్టిన గూండాతో చర్చించమని ఎవరికీ చెప్పలేం. కానీ చీలికకు మూల్యం కూడా ఉంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత సాయుధ పోరు ఆపాలని రావి నారాయణరెడ్డే వాదించారు. అప్పటికి ‘కాదు’ అన్న మాట వినే అలవాటు కమ్యూనిస్టు పార్టీకి తప్పిపోయింది. పోరాటం ఆగింది 1951 అక్టోబరులో. మధ్యలోని మూడేళ్లలో పోయిన ప్రాణాల బరువు ఆ వినకపోవడం మీద కూడా ఉంది. అవతల మితవాదులు చేరిన కాంగ్రెసుకూ అదే జబ్బు. ఎదుటివాడి వాదన వినడానికి దానికి జైళ్లు తప్ప వేరే చోటు మిగల్లేదు.

ఆ జైలుకే వెళ్లాడు వినోబా భావే. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఖైదులో ఉన్న కమ్యూనిస్టులతో మాట్లాడి నల్లగొండ దారి పట్టాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు అడిగితే భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. అలా మొదలైన భూదానం భూమి సమస్యను తీర్చిందనను, తీర్చలేదు. రెవెన్యూ మంత్రిగా బూర్గులకు పేరు తెచ్చిన 1950 కౌలుదారీ చట్టం కూడా సగమే అమలైంది. కానీ రక్షిత కౌలుదారు అన్న హక్కు చట్టంలోకి ఎక్కడంలో ఆయన ప్రత్యర్థులు ఊళ్లలో చేసిన వాదన పాలు లేదనుకోవడం కష్టం.

1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి (అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు అన్నది గర్వంగా చెప్పుకునేటప్పుడు మరిచిపోతుంటాం). వనపర్తిలో సురవరం కాంగ్రెసు తరఫున గెలిచారు. బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు, ఆలేరు నుంచి గెలిచిన ఆరుట్ల కమలాదేవి ప్రతిపక్షంలో కూర్చున్నారు. ఆ కాలాన్ని ఇరువైపులవాళ్లూ రాసిపెట్టారు. మాడపాటి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ ఒకటి, రావి నారాయణరెడ్డి ‘వీర తెలంగాణ’ ఒకటి. మీ పక్షానిది ఏదైనా సరే, ముందు అవతలి పక్షానిది తెరవండి.