రాష్ట్రపతి పదవి – భారతీయ జనతా పార్టీ మైనారిటీ అభ్యర్థులు (1992–2012)

నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని కందకుర్తి గోదావరి, మంజీర, హరిద్ర నదుల సంగమ క్షేత్రం. రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ స్థాపకుడు కేశవ బలిరాం హెడ్గేవార్ పూర్వీకులది ఈ గ్రామమే. ఆయన 1925లో నాగపూర్‌లో నెలకొల్పిన సంఘ్ భావధార నుంచే 1951లో భారతీయ జనసంఘ్, 1980లో భారతీయ జనతా పార్టీ రూపొందాయి. హిందూ జాతీయవాదం పునాదిగా గల ఈ పార్టీ రాష్ట్రపతి పదవికి మైనారిటీ మతస్థులను మూడు పర్యాయాలు బలపరచింది. వారిలో ఒక్కరే గెలిచారు. ఆ గెలుపోటముల వెనుక ఉన్న రాజకీయ గణితాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1967లో హైదరాబాద్‌లో జన్మించిన జాకిర్ హుస్సేన్ కాంగ్రెస్ అభ్యర్థిగా నిలిచినప్పుడు జనసంఘ్ ప్రతిపక్షాల అభ్యర్థి కోకా సుబ్బారావు పక్షాన నిలిచింది. పాతికేళ్ల తరువాత పరిస్థితి మారింది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న 1992లో శంకర్ దయాళ్ శర్మపై పోటీ చేసిన మేఘాలయ క్రైస్తవ నాయకుడు జి.జి. స్వెల్‌కు భారతీయ జనతా పార్టీ మద్దతునిచ్చింది. ఆయన ఓడిపోయారు.

2002లో పార్టీ అధికారంలో ఉన్నా ఎన్నికల గణంలో సొంత బలం చాలలేదు. మొదట పరిశీలనకు వచ్చిన పి.సి. అలెగ్జాండర్ పేరును కాంగ్రెస్ అంగీకరించలేదు. గుజరాత్ అల్లర్ల అనంతరం తెలుగుదేశం వంటి మిత్రపక్షాల అసంతృప్తినీ లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. ఈ నేపథ్యంలో హైదరాబాద్ రక్షణ పరిశోధన ప్రయోగశాలకు సంచాలకుడిగా పనిచేసిన అబ్దుల్ కలాం పేరు ముందుకు వచ్చింది. కాంగ్రెస్ కూడా మద్దతునివ్వడంతో వామపక్షాల అభ్యర్థి లక్ష్మీ సెహగల్‌పై ఆయన గెలుపు సులభమైంది. కలాం ఏ పార్టీకీ చెందనివారు కావడమే ఈ ఏకాభిప్రాయానికి ఆధారం.

2012లో లోక్‌సభ మాజీ సభాపతి పి.ఎ. సంగ్మాను మొదట ప్రతిపాదించినవి అన్నా డి.ఎం.కె., బిజూ జనతాదళ్. భారతీయ జనతా పార్టీ తరువాతే వాటితో కలిసింది. దాని మిత్రపక్షాలైన శివసేన, జనతాదళ్ (యునైటెడ్) ప్రణబ్ ముఖర్జీకి ఓటు వేశాయి. తెలుగుదేశం, తెలంగాణ రాష్ట్ర సమితి ఓటింగుకు దూరంగా ఉన్నాయి. సంగ్మా ఓటమి పోటీకి ముందే ఖాయమైంది.

ఈ మూడు సందర్భాలనూ కలిపి చూస్తే ఒక క్రమం స్పష్టమవుతుంది. గెలిచే అవకాశం ఉన్నప్పుడు ఎంపికైనది రాజకీయేతరుడు. రాజకీయ నాయకులకు మద్దతు దక్కింది ఓటమి తప్పని పోటీలలోనే. వారిద్దరూ ఆ పార్టీలో ఎదిగినవారు కారు. బలం పెరిగిన తరువాత 2017లో దళిత నాయకుడు రామ్‌నాథ్ కోవింద్‌ను, 2022లో ఆదివాసీ నాయకురాలు ద్రౌపది ముర్మును పార్టీ తన శ్రేణుల నుంచే ఎంపిక చేసింది. ముర్ము ఎన్నికైన 2022 జూలై నాటికి పార్లమెంటులో ఆ పార్టీకి ఒక్క ముస్లిం సభ్యుడూ లేరు. అభ్యర్థులు శ్రేణుల నుంచి రావలసి ఉండగా, ఆ శ్రేణులలోనే చోటు లేనివారికి అత్యున్నత పదవి అందుబాటులోకి రావడం కష్టం. కనుక మైనారిటీ నాయకుల అవకాశాలను అంచనా వేయడానికి రాష్ట్రపతి ఎన్నిక కంటే శాసనసభ, లోక్‌సభ టికెట్ల పంపిణీయే నమ్మదగిన కొలమానం.