క్రిస్మస్ మేజోడు: కాలి నుంచి గోడకు

క్రిస్మస్ ముందురోజు రాత్రి పిల్లలు వేలాడదీసే మేజోడు మొదట్లో పండుగ వస్తువేమీ కాదు. పగలంతా కాలికి ఉన్నదే రాత్రికి మేకుకు ఎక్కేది. పాతకాలపు యూరపులో, అమెరికాలో మేజోళ్లు మోకాలు దాటి వచ్చేవి; జారిపోకుండా పైన పట్టీ కట్టుకునేవారు. ఉన్నితో అల్లినవి కావడంతో బొమ్మ వేసినా, పండు వేసినా సాగి ఇముడ్చుకునేవి. చలికాలంలో తడి మేజోళ్లు ఆరేది గదిలోని చలిపొయ్యి పక్కనే. అక్కడ ఎలాగూ వేలాడుతున్నది, నింపడానికి వీలైనది అదే కనుక కానుకలు అందులోకి చేరాయి. కానుకల కోసమే ఒక మేజోడు కుట్టి ఇవ్వడం ఈ ఆచారంలో బాగా ఆలస్యంగా మొదలైన అంకం.

దీనికి మూలమని చెప్పే కథ సెయింట్ నికొలస్‌ది. ఈయన నాలుగో శతాబ్దంలో మైరా పట్టణానికి బిషప్. ఆ చోటు ఇప్పుడు టర్కీలోని డెమ్రె. కట్నాలు ఇచ్చుకోలేని ఓ తండ్రి ముగ్గురు కూతుళ్ల కోసం ఆయన రాత్రివేళ గుట్టుగా బంగారు మూటలు ఇంట్లోకి విసిరాడట. పాత కథనాల్లో మూటలు కిటికీలోంచి పడతాయి. పొగగొట్టంలోంచి జారి, ఆరేసిన మేజోడులో పడ్డాయన్నది తర్వాతివాళ్లు చేర్చిన ముచ్చట. ఆచారమే ముందు పుట్టి, కథ దానికి తగ్గట్టు మారిందనుకోవడం సబబు.

నెదర్లాండ్స్ పిల్లలు నికొలస్ పండుగ ముందురోజు, డిసెంబరు 5 సాయంత్రం, పెట్టేది మేజోడు కాదు, బూటు. నికొలస్ గుర్రానికని అందులో గడ్డో క్యారెట్టో ఉంచుతారు. 1660లలో డచ్చి చిత్రకారుడు యాన్ స్టేన్ వేసిన చిత్రంలో ఒక పాప బొమ్మను హత్తుకుని మురిసిపోతుంటే, బూటులో బెత్తం వచ్చిన కుర్రాడు ఏడుస్తుంటాడు. డచ్చివారు స్థాపించిన న్యూయార్క్‌లో బూటు జాగాలోకి మేజోడు వచ్చింది. 1810 డిసెంబరు 6న జాన్ పింటార్డ్ అక్కడి హిస్టారికల్ సొసైటీ కోసం ఒక చిత్రం అచ్చు వేయించాడు. చెక్కినవాడు అలెగ్జాండర్ ఆండర్సన్. అందులో పొయ్యి దగ్గర రెండు మేజోళ్లు వేలాడుతుంటాయి: ఒకదాని నిండా కానుకలు, రెండోదాంట్లో బెత్తాలు. 1823 డిసెంబరు 23న ట్రాయ్ సెంటినెల్ పత్రికలో పేరు లేకుండా ఒక పద్యం వచ్చింది; అందులో మేజోళ్లు వేలాడేది క్రిస్మస్ ముందురాత్రి. తర్వాత క్లెమెంట్ క్లార్క్ మూర్‌దిగా ప్రసిద్ధికెక్కిన ఆ పద్యం ఇంటింటా చదువుకునేది కావడంతో, మేజోడు తంతు నికొలస్ పండుగను వదిలి క్రిస్మస్ ముందురాత్రికి స్థిరపడింది.

లోపల పడేవి ఏమంత ఘనమైనవి కావు. లారా ఇంగల్స్ వైల్డర్ 1935 నాటి నవలలో, 1870 ప్రాంతపు కాన్సస్ మైదానంలో ఉన్న అక్కచెల్లెళ్లకు దొరికినవి చెరో రేకు కప్పు, పిప్పరమెంటు కడ్డీ, చిన్న కేకు, ఒక కొత్త పెన్నీ. వాటికే ఆ పిల్లలు పొంగిపోతారు. మేజోడు కొసన నారింజ పెట్టడం మరో అలవాటు. నికొలస్ బంగారానికి అది గుర్తని అంటారు గానీ, ఫ్లోరిడా, కాలిఫోర్నియా తోటల పండ్లను రైళ్లు చలి ప్రాంతాలకు మోసుకురావడమే అసలు కారణమై ఉండాలి.

ఆదివారపు బడుల్లో పిల్లలందరికీ ఒక్కసారే పంచాలంటే ఎవరి కాలి మేజోడు వాళ్లను తెమ్మనడం కుదరదు. అందుకని పందొమ్మిదో శతాబ్దం చివర్లో టార్లటన్ అనే పలుచని గంజి గుడ్డను మేజోడు ఆకారంలో కత్తిరించి, అంచులు రంగు ఉన్నితో కుట్టి, మిఠాయిలు నింపి ఇచ్చేవారు. కుట్టు మిషను అప్పటికే మధ్యతరగతి ఇళ్లలో ఉంది. మసాచుసెట్స్‌లోని ఆర్నాల్డ్ ప్రింట్ వర్క్స్ 1890లలో కత్తిరించి కుట్టుకునే బొమ్మలను నూలు గుడ్డ మీద అచ్చేసి అమ్మింది. శాంటా క్లాజు బొమ్మలున్న మేజోళ్లూ ఇదే తీరున బజారుకొచ్చాయి. చేత్తో కుట్టిన కానుక అనగానే మిల్లుకూ దానికీ పొసగదని తోస్తుంది. ఇక్కడ మాత్రం ఆ చేతిపనికి దారి వేసినది మిల్లే.

మేజోడు కుట్టే పని చూడటానికి సులువు. ముందు ముక్క, వెనుక ముక్క ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి; రెండూ ఒకే దిక్కుకు కత్తిరిస్తే ఒకదాని తిరగవైపు బయటికి వస్తుంది. మంచివైపులు లోపలికి పెట్టి, పావు అంగుళం అంచు వదిలి, పైభాగం తప్ప చుట్టూ కుడతారు. చీలమండ ముందు వంపులో కత్తెరతో గాట్లు పెట్టకపోతే తిరగేసినప్పుడు గుడ్డ ముడత పడుతుంది. మడమ దగ్గర మిగులు గుడ్డ తగ్గించకపోతే ఉబ్బుతుంది. అస్తరు విడిగా కుట్టి లోపలికి దింపుతారు. తగిలించే పట్టీని మడమవైపు కుట్టులోనే కలిపేయాలి, బరువంతా దానిమీదే గనుక.

ఇరవయ్యో శతాబ్దంలో కాలి మేజోళ్లు పొట్టివయ్యాయి, గదులు వెచ్చబెట్టే గొట్టాలు వచ్చి చాలా ఇళ్లలో చలిపొయ్యి మూలపడింది. అయినా ఆచారం పోలేదు. మెట్ల కమ్మీకో గోడ మేకుకో తగిలింది. (తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఈ పొయ్యీ లేదు, ఆ మేజోడూ పాతుకోలేదు, అక్కడ పండుగంటే నక్షత్ర దీపం, కొత్త బట్టలు.) నిజం మేజోడు చిన్నదైన కొద్దీ పండుగ మేజోడు పెద్దదైంది, దాని మీద పేరు కూడా చేరింది. శతాబ్దం మధ్య నాటికి అమెరికా ఇళ్లలో బిడ్డ పుడితే అమ్మమ్మో, మేనత్తో పేరూ పుట్టిన ఏడూ కలిపి ఉన్ని మేజోడు అల్లి ఇచ్చేది. శాంటా గడ్డానికి మెత్తని అంగోరా ఉన్ని వాడేవారు. ఆ తర్వాత ఫెల్ట్ ముక్కలు, చమ్కీలు, పూసలు, నమూనా కాగితం అన్నీ కలిపిన పెట్టెలు వచ్చాయి. చిరిగిన పాత అతుకుల బొంతలను కోసి మేజోళ్లు కుట్టిన కాలమూ ఉంది. బొంతల చరిత్ర తెలిసినవాళ్లకు అది నచ్చలేదు, వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు.

ఇలా తయారైన మేజోళ్లు ఇంట్లో ఒక జట్టుగా ఉంటాయి. కోడలో అల్లుడో కొత్తగా చేరినప్పుడు వాళ్లదీ మిగతావాటితో కలవాలి. తయారీదారు ఆ నమూనా ఆపేసి ఉంటే కుట్టేవాళ్లు పాత సామాను కొట్లలో దాని కోసం వెతుకుతారు. దొరక్కపోతే పాతదాన్ని కాగితం మీద పరిచి, గీత గీసుకుని, మొదటినుంచీ కుట్టుకొస్తారు.