పదమూడేళ్ళ గడప

అమెరికాలో పెరుగుతున్న ఏ పన్నెండేళ్ళ పిల్లకైనా కొత్త ఫోను చేతికిచ్చి చూడండి. ఆప్‌ తెరవగానే పుట్టిన తేదీ అడుగుతుంది. పిల్ల తడబడదు. సంవత్సరాల పట్టీని వేలితో ఒక్క తోపు తోసి, అది ఎక్కడ ఆగితే ఆ ఏడే పుట్టినట్టు ఒప్పేసుకుంటుంది. ఒక్కోసారి తల్లిదండ్రులే పక్కన కూర్చుని ఆ అబద్ధం చెప్పిస్తారు. ఇండియాలో ఉన్న అమ్మమ్మతో మాట్లాడాలంటే ఆ ఆప్‌ కావాలి మరి. పదమూడేళ్ళు నిండాయా అన్నదే అక్కడి ప్రశ్న. ఈ పదమూడు వైద్యులు తేల్చిన అంకె అనుకునేవారున్నారు. నిజానికది చట్టసభలో బేరమాడితే తెగిన అంకె. పిల్లలకూ సంతకూ మధ్య తల్లిదండ్రులు ఎంతవరకు నిలబడవచ్చునన్న ఆ బేరం ఇంటర్నెట్‌ కంటే చాలా ముందే మొదలైంది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో పద్నాలుగేళ్ళ అమెరికన్‌ కుర్రవాడు పొలంలోనో మిల్లులోనో పనిచేసి, సంపాదన ఇంట్లో ఇచ్చేవాడు. ఆర్థిక మాంద్యంలో పెద్దలకే పనులు లేకుండా పోయాయి, పిల్లలు హైస్కూళ్ళలోనే ఉండిపోయారు. 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టం పదహారేళ్ళ లోపు వాళ్ళను చాలా పరిశ్రమల నుంచి తప్పించింది. దాంతో ఒకే ఈడు పిల్లలు రోజంతా ఒకేచోట గడపడమన్న కొత్త ఏర్పాటు స్థిరపడింది. ‘టీనేజర్‌’ అన్న మాట పత్రికల్లో నిలదొక్కుకున్నది 1940లలోనే. ఇంగ్లీషులో పదమూడు నుంచి పంతొమ్మిది దాకా అంకెల పేర్లు ఒకే తోకతో ముగుస్తాయి కనుక ఆ వయసుకొక పేరు తేలిగ్గా కుదిరింది. మన లెక్కలో పన్నెండుకూ పదమూడుకూ మధ్య అలాంటి గోడ లేదు. కౌమారం, యుక్తవయసు అంటాం కానీ వాటికి ఫలానా పుట్టినరోజున తలుపు తెరుచుకోదు.

ఆ పేరు వెనక ఒక జేబు కూడా ఉందని కనిపెట్టినవాళ్ళలో యూజీన్‌ గిల్బర్ట్‌ ముఖ్యుడు. షికాగోలో చెప్పుల దుకాణంలో పనిచేస్తున్న కుర్రవాడతను. తన ఈడు వాళ్ళకు నచ్చే జోళ్ళు షాపులో ఉన్నా, వాళ్ళు రావడం లేదని గమనించాడు. ఆ సంగతి వాళ్ళకు చెప్పినవారే లేరు! యజమానిని ఒప్పించి వాళ్ళకోసం ప్రకటనలు వేయించాడు, అమ్మకాలు పెరిగాయి. తర్వాత అతను పెట్టిన పరిశోధన సంస్థ కిటుకు చాలా సులువైనది: పిల్లల ఇష్టాయిష్టాలు తెలుసుకోవడానికి పిల్లల్నే పంపేవాడు. పెద్దవాళ్ళు అడిగితే రాని జవాబులు తోటివాళ్ళు అడిగితే వస్తాయి. 1958లో ‘న్యూయార్కర్‌’ పత్రికలో డ్వైట్‌ మెక్డొనాల్డ్‌ ఇతని గురించి సుదీర్ఘంగా రాశాడు. మరుసటి ఏడు ‘లైఫ్‌’ పత్రిక టీనేజి వినియోగదారుల్ని వెయ్యి కోట్ల డాలర్ల కొత్త శక్తిగా వర్ణించింది.

డబ్బుంది, దాన్ని వెతుక్కుంటూ వచ్చే వర్తకుడూ ఉన్నాడు. అయితే వర్తకుడు పిల్లల్ని చేరాలంటే నడిమింట్లోంచి రావాలి. రేడియో అక్కడే ఉండేది, బీరువా అంత పెట్టె. మీట నాన్న చేతిలో ఉండేది. 1954 అక్టోబరులో ఇండియానాపోలిస్‌ నుంచి వెలువడిన రీజెన్సీ టీఆర్‌-1 ఈ అమరికను మార్చింది. నాలుగు ట్రాన్సిస్టర్లు, 49.95 డాలర్ల వెల, అరచేతిలో ఇమిడే పెట్టె. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్‌ విడిగా కొనుక్కోవాలి. అది ఖరీదైన సరుకే. కానీ 1957లో సోనీ టీఆర్‌-63 పది డాలర్లు తక్కువకు వచ్చింది, ఆ తర్వాత జపాన్‌ రేడియోల ధరలు దిగుతూనే పోయాయి. ఇదే సమయంలో టెలివిజన్‌ కుటుంబపు సాయంత్రాల్ని ఎగరేసుకుపోయింది. నాటకాలూ హాస్యకార్యక్రమాలూ పోయాక రేడియో స్టేషన్లకు కొత్త శ్రోతలు అవసరమయ్యారు. ఒమాహాలో టాడ్‌ స్టోర్జ్‌ వంటి యజమానులు జనం మెచ్చిన కొద్ది పాటల్నే రోజంతా తిప్పితిప్పి వేసే పద్ధతి తెచ్చారు. పాటల మధ్యలో ప్రకటనలు. ఆ పాటలూ, వాటితోపాటు ఆ ప్రకటనలూ, దుప్పటి కిందికి చేరాయి.

మన ఊళ్ళలో పంచాయతీ రేడియో అరుగు మీదినుంచి అందరికీ ఒకేసారి వినిపించడం గుర్తున్నవారికి ఈ తేడా తేలిగ్గా తెలుస్తుంది. అక్కడ వినడమంటే నలుగురిలో కూర్చోవడం. ఇక్కడ అదే పరికరం ఒంటరిగా ఉండే హక్కును కొనిపెట్టింది. ఆ హక్కును నేను తక్కువచేయను. నల్లజాతి గాయకుల పాటలు తెల్లవారి ఇళ్ళలో పిల్లల చెవుల్లోకి చేరిన దారుల్లో అదొకటి. నడిమింటి మీట నాన్న చేతిలోనే ఉండిపోతే ఆ పాటలు చాలా ఇళ్ళ గడప దాటేవి కావు. ఐతే సంగీతం వచ్చిన దారినే వర్తకుడూ వచ్చాడు, ఇంట్లో పెద్దవాళ్ళను పలకరించకుండా.

టీనేజర్ల దాకా దేశం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. మరీ చిన్నపిల్లల వంతు వచ్చినప్పుడు మాత్రం తగువు మొదలైంది. 1968లో పెగీ షారెన్‌ మరికొందరు తల్లులతో కలిసి పిల్లల టెలివిజన్‌ మీద ఉద్యమం ప్రారంభించింది. పదేళ్ళకు, మైకేల్‌ పర్చుక్‌ అధ్యక్షతన ఫెడరల్‌ ట్రేడ్‌ కమిషన్‌ సిబ్బంది ఒక సాహసమే చేశారు. ప్రకటన అంటే అమ్మే ప్రయత్నమని గ్రహించలేని పసివాళ్ళను ఉద్దేశించి టీవీలో అసలు ప్రకటనలే ఉండకూడదని ప్రతిపాదించారు. అంతకంటే కాస్త పెద్దపిల్లలకు పళ్ళు పాడుచేసే తీపి సరుకుల ప్రకటనలు వద్దన్నారు. ప్రసార సంస్థలూ, బొమ్మల కంపెనీలూ, ధాన్యపు అటుకులమ్మేవారూ ఒక్కటయ్యారు. వాళ్ళ సంగతి సరే, ‘వాషింగ్టన్‌ పోస్ట్‌’ సంపాదకీయం సైతం కమిషన్‌ను జాతీయ ఆయాగా ఎద్దేవా చేసింది. పిల్లల్ని కాచుకోవడం తల్లిదండ్రుల పని, ప్రభుత్వానిది కాదన్నది వాదం. వినడానికి బాగుంది. కానీ తల్లి వంటింట్లో ఉండగా శనివారం పొద్దున్న టీవీ ముందు కూర్చున్న ఐదేళ్ళవాడికి ఆమె ఎలా అడ్డుపడాలో ఆ వాదం చెప్పలేదు. 1980లో నిధులు ఆగి కమిషన్‌ ఒకరోజు తలుపులు మూసుకోవలసి వచ్చింది. అదే ఏడు కాంగ్రెసు చట్టం చేసి, ప్రకటనలు పిల్లలకు అన్యాయం చేస్తున్నాయన్న ప్రాతిపదిక మీద నియమాలు చేసే అధికారాన్ని తీసేసింది. 1981లో ఈ వ్యవహారాన్ని ముగిస్తూ సిబ్బంది ఇచ్చిన నివేదిక చదివితే విచిత్రంగా ఉంటుంది: ఆందోళనకు కారణం ఉంది, ఆచరణలో పెట్టగల మందు మాత్రం దొరకలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1983లో ‘హీ-మేన్‌’ వచ్చింది, బొమ్మ ముందు పుట్టి కార్యక్రమం తర్వాత పుట్టిన సందర్భం. 1984లో ప్రకటనల నిడివి మీద ఉన్న పరిమితుల్ని ఎత్తేశారు. 1988లో పరిమితి బిల్లును రీగన్‌ ఆపేశాడు. 1990లో బుష్‌ సంతకం లేకుండానే అది చట్టమై, గంటకు సెలవురోజుల్లో పదిన్నర నిమిషాలు, మామూలు రోజుల్లో పన్నెండు నిమిషాలు అని తేల్చింది. ఆ నిబంధనలకు పిల్లలంటే పన్నెండేళ్ళ వరకే.

1998లో ఇంటర్నెట్‌ వంతు వచ్చేసరికి ఆ గీత సిద్ధంగా ఉంది. పిల్లల ఆన్‌లైన్‌ గోప్యత బిల్లు తొలి రూపంలో పదహారేళ్ళ దాకా ఎంతోకొంత రక్షణ ఉండేది. వ్యాపార సంస్థలు వద్దన్నాయి. పౌరహక్కుల సంఘాలూ వేరే కారణంతో అభ్యంతరం చెప్పాయి: ఇంట్లో అడగలేని విషయాలు తెలుసుకోవాలనుకునే పదిహేనేళ్ళ పిల్ల సంగతేమిటి? ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, దుప్పటి కింది రేడియోలో ఉన్నట్టే. చివరికి పదమూడు లోపు వాళ్ళ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలన్నారు, అది దాటితే అక్కర్లేదు. 2000 ఏప్రిల్‌లో చట్టం అమల్లోకి వచ్చింది. అనుమతి సంపాదించడం ఖర్చు వ్యవహారం. అందుకని చాలా కంపెనీలు ‘పదమూడు లోపు వారికి ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టి, ఎవరేం చెప్పినా నమ్మడం మొదలుపెట్టాయి. పిల్లవాడని తమకు నిజంగా తెలిస్తేనే బాధ్యత అన్న నిబంధన ఉంది కనుక, తెలుసుకోకపోవడమే లాభసాటి అయింది. పసిపిల్లల వీడియోల చుట్టూ సమాచారం సేకరించినందుకు గూగుల్‌, యూట్యూబ్‌ 2019లో పదిహేడు కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

గిల్బర్ట్‌ పంపిన కుర్రవాళ్ళు తమ ఈడు వాళ్ళను ఎదురుగా నిలబడి అడిగేవారు. నచ్చకపోతే చెప్పకుండా ఊరుకోవచ్చు. ఫోను అలా అడగదు. ఏ బొమ్మ దగ్గర వేలు ఎంతసేపు ఆగిందో అదే రాసుకుంటుంది. 2023లో సర్జన్‌ జనరల్‌ వివేక్‌ మూర్తి పదమూడేళ్ళు మరీ చిన్న వయసని బాహాటంగా అన్నారు. ఆయన హెచ్చరిక పత్రం ప్రకారం ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల్లో నూటికి నలభైమంది దాకా అప్పటికే సోషల్‌ మీడియాలో ఉన్నారు. అంటే, చట్టం లెక్కలో అక్కడ లేనివాళ్ళు.

1998 చట్టం రూపకర్తల్లో ఒకరైన ఎడ్‌ మార్కీ, ఆనాడు బేరంలో వదులుకున్న పదహారును మళ్ళీ తెచ్చారు. పిల్లల భద్రత బిల్లుతో కలిపి 2024 జులై 30న సెనేట్‌ దాన్ని 91-3 ఓట్లతో ఆమోదించింది. ప్రతినిధుల సభలో ఓటింగుకు రాకుండానే ఆ కాంగ్రెసు గడువు ముగిసింది.