సొరుగులో మొదలైన మోత

1885. కడప జిల్లా సొరుగు. ఇప్పటి లెక్కల్లో చక్రాయపేట మండలం. ఊళ్లో పెళ్లి. వచ్చిన చుట్టాలకు రాత్రికి ఏదో ఒక ఆట చూపించాలి. తోలుబొమ్మలాట ఆడే వనారస వాళ్లు అందుబాటులోనే ఉన్నారు. తరాల కిందట మరాఠా గడ్డ నుంచి దిగివచ్చిన కుటుంబం. ఇంట్లో మాట్లాడుకునేది ఆరె భాష, తెర దగ్గర కూర్చుంటే తెలుగు. పెళ్లివారిలో ఎవరో ఇలా అడిగి ఉంటారు:

"బొమ్మల్ని ఎన్నితూర్లని చూసేది? పాడేదీ మీరే, మాట్లాడేదీ మీరే. ఆ తెర తీసేసి మీరే వొచ్చి ఆడితే పోలా?"

వనారస గోవిందరావు సరేనన్నాడు. నాటకం కీచకవధ.

ఇప్పటి కుర్రాళ్ల మాటలో చెప్పాలంటే ఆ రాత్రి అక్కడ ఒక బ్యాండ్ పుట్టింది. వేదిక ఎక్కడం వాళ్లకు కొత్త, వాయించడం మాత్రం కాదు. తోలుబొమ్మలాటలో తెర వెనక ఏం జరుగుతుందో చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. మద్దెల ఒకరిది, తాళాలు ఇంకొకరివి. బొమ్మ ఆడించేవాడికి చేతులు ఖాళీ ఉండవు కాబట్టి మోత కాళ్లతోనే. కింద పరిచిన చెక్కల మీద దబదబా తొక్కితే యుద్ధం. ఖాళీ డబ్బా మీద కొడితే పిడుగు. ఒకే గొంతు భీముడిగా గర్జించి, మరుక్షణం సైరంధ్రిగా ఏడుస్తుంది. నీడ మీద చూపు నిలిపిన జనానికి గొంతు ఎవరిదో పట్టదు.

తెర తీసేస్తే ఇదంతా తలకిందులు. కీచకుడికి ఒక గొంతు, భీముడికి ఇంకో గొంతు కావాలి. పాడుతూ నడవాలి, నడుస్తూ ఊపిరి ఆపుకోవాలి. బొమ్మ పట్టుకోని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ రాత్రి ఎంతమంది తడబడ్డారో! కానీ రాత్రంతా పద్యం లాగగల దమ్ము వాళ్ల దగ్గర ముందే ఉంది. మైకు లేని కాలం. కాగడాల వెలుగు అందని చివరి మనిషికి కూడా మాట అందాలి.

ఆట నిలబడింది. ఊరి పేరు సురభి అయింది, సమాజానికీ అదే పేరు వచ్చింది. గోవిందరావుకు ముగ్గురు కొడుకులు, పదిమంది కూతుళ్లు. పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని వేరు పడ్డకొద్దీ కొత్త సమాజాలు పుట్టుకొచ్చాయి. ఒక దశలో అవి 30కి పైగా ఉండేవి. చాలా కంపెనీల్లో మగవాళ్లే మీసాలు తీసి ద్రౌపదులయ్యే రోజుల్లో వీళ్ల ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారు. దాంతో ఆ బృందం నాదమే మారింది. అసలు ఆడగొంతు వినడానికే బళ్లు కట్టుకుని వచ్చినవాళ్లు ఉండే ఉంటారు.

ఆ తర్వాత హార్మోనియం వచ్చింది. 1842లో పారిస్‌లో పేటెంటు పొందిన పెట్టె కలకత్తా దాకా వచ్చి, ఒళ్లో పెట్టుకు వాయించేలా కుదించుకుని, ఊరూరి నాటకాల్లోకి దూరింది. అప్పటికే పూనాలో కిర్లోస్కర్ 1880లో సంగీత శాకుంతలం ఆడించి మరాఠీ రంగస్థలాన్ని పాటతో నింపాడు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలో పద్యానికీ పాటకూ పెద్దపీట వేస్తున్నారు. మరాఠీ మూలం, తెలుగు మాట, పార్సీ కంపెనీల ఊపు. సురభి బాణీలో ఈ మూడూ కలిశాయి. శుద్ధ సంగీతమని ఎవరూ అనరు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసి 1971లో గానీ లోపలికి రానివ్వలేదు. ఆ 31 ఏళ్లూ సురభి డేరాల్లో దాని తిత్తి ఆగింది లేదు. ఇప్పటికీ కర్నూలు, కడప పల్లెల్లో జాతరకు పద్యనాటకం వేస్తే ముందు శ్రుతి పెట్టేది ఆ పెట్టే. రాగం సాగదీస్తే వన్స్‌మోర్ కూడా షరా మామూలే.

టాకీ వచ్చినప్పుడు బొంబాయి సినిమావాళ్లకు గుర్తొచ్చింది సురభివాళ్లే. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన భక్త ప్రహ్లాదలో లీలావతి వేషం సురభి కమలాబాయిది. కన్నతల్లికి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చి, రంగస్థలం మీదే ఆమె పుట్టిందని చెప్పుకుంటారు. నేపథ్యగానం లేని రోజులు. ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. డేరా చివరి వరుస దాకా విసరడానికి పెంచుకున్న గొంతును మైకు ముందు తగ్గించి పాడటం ఆ తరానికి కొత్త విద్య.

సినిమా ఊరికే వచ్చి పోలేదు. జనాన్ని లాక్కుపోయింది. సమాజాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలినవాళ్లు మాయాబజార్, పాతాళభైరవి నమ్ముకుని తీగల మీద బాణాలు ఎగరేశారు. 1990లలో బి.వి. కారంత్ వచ్చి వాళ్లతో పనిచేశారు. ఆయన చిన్నప్పుడు ఇల్లు విడిచి గుబ్బి నాటక కంపెనీలో చేరిన మనిషి, రంగస్థల సంగీతంలో దిట్ట. జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకం ఆయన చేతిలో బస్తీ దేవత యాదమ్మ అయింది. పౌరాణికానికి అలవాటు పడిన గొంతులు బస్తీ యాసలో పాడాయి. సమాజాన్ని నడిపిన, అందరూ బాబ్జీ అని పిలిచే ఆర్. నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు ఆ బృందం ఫ్రాన్స్ వెళ్లి ఆడివచ్చింది.

ఇవాళ హార్మోనియం పక్కన కీబోర్డు, తబలా పక్కన ఎలక్ట్రానిక్ ప్యాడ్. పాతవాళ్లు మొహం చిట్లిస్తారు. నాకు కీబోర్డుతో పేచీ లేదు. హార్మోనియం వచ్చిన రోజునా మద్దెలగాడు మొహం చిట్లించే ఉంటాడు. పేచీ అల్లా ఉరుముతోనే. ఘటోత్కచుడు దిగేటప్పుడు ఇనప రేకు ఊపితే వచ్చే మోత కొట్టేవాడి ఒంట్లో ఓపికను బట్టి రోజుకో తీరుగా ఉంటుంది. ప్యాడ్ ఉరుము ప్రతి రాత్రీ ఒకటే. పైగా కరెంటు పోతే అసలు ఉరమదు.